చెవి నుంచి తెర దాకా: డీజే పనిలో సాఫ్ట్‌వేర్

కిందటి వినాయక నిమజ్జనం మర్నాడు పదకొండో తరగతిలో ఒక అబ్బాయి మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చి నిద్రపోయాడు. లేపి అడిగితే ‘రాత్రి డీజేకి వెళ్ళాను సార్’ అన్నాడు. వినడానికి వెళ్ళాడేమో అనుకున్నాం. కాదట, ‘వాయించడానికి’ వెళ్ళాడట. ల్యాప్‌టాప్ ముందు నిలబడి చేసే పనిని వాయించడం అనవచ్చా? తెలుగు చెప్పుకుని బతికే మాకు ఒక మాట మీద అనుమానం వస్తే అది తీరేదాకా తోచదు. ఆ అనుమానం వెంట నడిచి ఈ ఏడాదిలో తెలుసుకున్న సంగతులు ఇక్కడ చెబుతున్నాం.

ముందుగా ఆ మాట సంగతి. డీజే అంటే డిస్క్ జాకీ. గుండ్రటి రికార్డుల మీద స్వారీ చేసేవాడు అన్నమాట. మొదట రేడియోలో రికార్డులు వేసేవారికి ఆ పేరు ఉండేది, తరువాత క్లబ్బుల్లో నాట్యానికి పాటలు వేసేవారికి వచ్చింది. మన తెలుగు రాష్ట్రాలకు వచ్చేసరికి అర్థం ఇంకాస్త పక్కకు జరిగింది. సికింద్రాబాద్‌లో మేము పనిచేసిన కాలంలో ఆషాఢం బోనాలప్పుడు ‘డీజే వచ్చింది’ అంటే మనిషి వచ్చాడని కాదు, పెట్టెల మీద పెట్టెలు పేర్చిన లారీ వచ్చిందని అర్థం. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు పెళ్ళిళ్ళలోనూ, బళ్ళారిలోనూ అదే అర్థం విన్నాం. ఆ లారీ వెనకాల ఒక మనిషి ఉంటాడని జనానికి గుర్తుచేసింది 2022లో వచ్చిన ‘డీజే టిల్లు’ సినిమాయేనేమో!

బదిలీ మీద మేము పోర్ట్ బ్లెయిర్ చేరాక ఇక్కడా అదే మాట వినిపించింది. (2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది గానీ, అబర్డీన్ బజారులో ఆటో ఎక్కితే ఇప్పటికీ పాత పేరే వినిపిస్తుంది.) 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో ప్రతి వందమందిలో సుమారు పదమూడు మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకని వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు. జంగ్లీఘాట్ వైపు వెళితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. క్లబ్బులంటే ఇక్కడ పెద్దగా లేవు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, నిమజ్జనాలు, డిసెంబరు 31 రాత్రి హోటళ్ళలో జరిగే సంబరాలు, ఇవే డీజేలకు పని. అయినా బెర్లిన్ క్లబ్బులోనూ జంగ్లీఘాట్ లారీ మీదా డీజే ముందుండే తెర ఒక్కటే. రెండు చోట్లా అవే సాఫ్ట్‌వేర్లు. అందుకే ఈ పనిలో వచ్చిన మార్పును ఇక్కడి నుంచి కూడా చక్కగా చూడవచ్చు.

అసలు డీజే చేసే పనేమిటి? ఒక పాట అయిపోయేలోపు రెండో పాటను దాని పక్కన చేర్చి, ఆడుతున్నవాళ్ళ కాలు ఆగకుండా ఒకదాని నుంచి మరోదానిలోకి తీసుకుపోవడం. ఈ ఒక్క వాక్యం వెనక యాభై ఏళ్ళ కథ ఉంది. 1972లో జపాన్‌కు చెందిన మత్సుషితా కంపెనీ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 అనే రికార్డు ప్లేయరును విడుదల చేసింది. అందులో బెల్టు లేదు, మోటారే నేరుగా పళ్ళేన్ని తిప్పుతుంది. చేత్తో ఆపినా, వెనక్కి తిప్పినా, వదలగానే మళ్ళీ తన వేగం అందుకుంటుంది. ఆ మరుసటి ఏడాది, 1973 ఆగస్టు 11న, న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లో జమైకా నుంచి వచ్చిన కూల్ హెర్క్ అనే యువకుడు తన చెల్లెలి కోసం పెట్టిన పార్టీ ఉంది. దాన్నే హిప్‌హాప్ పుట్టినరోజుగా చెబుతారు. పాటలో గొంతులు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే చోట జనం రెచ్చిపోయి ఆడటం అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఆ ముక్క ఇక్కడ అయిపోగానే అక్కడ మొదలుపెట్టి, కొన్ని క్షణాల డ్రమ్స్‌ను నిమిషాల పొడవు సాగదీసే పద్ధతి అతనిదే. అతని తరువాత వచ్చిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీద క్రేయాన్‌తో గీతలు గీసుకుని, ఆ ముక్క సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో కంటితో పట్టుకునేవాడు. ఇవాళ తెర మీద రంగురంగులుగా కనబడే ‘క్యూ’ గుర్తులకు ఆ క్రేయాన్ గీతే తాత.

ఇక అసలు కష్టం లయను కలపడంలో ఉంది. ఇది లెక్కల మాస్టారు చెప్పాల్సిన పాఠం గానీ, మేమే ప్రయత్నిస్తాం. పాట వేగాన్ని నిమిషానికి ఎన్ని దెబ్బలు అని కొలుస్తారు. దాన్నే బీపీఎం అంటారు. ఒక పాట 120, రెండోది 121 అనుకోండి. తేడా ఒక్కటే కదా అనిపిస్తుంది. రెండూ ఒకేసారి మొదలుపెడితే అరనిమిషం గడిచేసరికి మొదటి పాటలో 60 దెబ్బలు పడతాయి, రెండో పాటలో అరవైన్నర. అంటే ఒకదాని దెబ్బ సరిగ్గా రెండోదాని రెండు దెబ్బల నడుమ పడుతుంది. గుర్రాల గుంపు రాతి మీద పరిగెత్తినట్టు వినిపిస్తుంది. ఆడేవాడి కాలు తడబడుతుంది. అందుకని రెండో పాట వేగాన్ని ఇసుమంత తగ్గించాలి. టెక్నిక్స్ ప్లేయరు పక్కన ఉండే మీట వేగాన్ని 8 శాతం వరకు అటూ ఇటూ మార్చగలదు. 120 పాటను 124 పాటతో కలపాలంటే దాన్ని సుమారు 3.3 శాతం పెంచాలి. ఈ లెక్క అప్పట్లో ఎవరూ కాగితం మీద వేసేవారు కాదు. ఒక చెవి హెడ్‌ఫోన్‌కు, ఒక చెవి హాలుకు ఇచ్చి, రాబోయే పాట ముందుకు పోతోందో వెనకబడుతోందో విని, వేలితో రికార్డు అంచును కాస్త తోసో, కాస్త ఆపో సరిచేసేవారు. ఈ ఒక్క విద్య పట్టుబడటానికి నెలలు పట్టేది.

ఇంకో చిక్కు ఉంది. రికార్డును వేగంగా తిప్పితే లయతో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు చిన్నపిల్లాడి గొంతు వైపు జరగడం మొదలవుతుంది. సంగీతంలో శ్రుతిని తల్లి అని, లయను తండ్రి అని అంటారు. పాత డీజే తండ్రిని బుజ్జగించబోయి తల్లికి కోపం తెప్పించేవాడన్నమాట.

ఈ రెండు కష్టాలనూ తీసేసింది సాఫ్ట్‌వేర్. 2001లో పయనీర్ కంపెనీ సీడీజే-1000 తెచ్చినప్పుడు రికార్డు పోయి సీడీ వచ్చినా, చేత్తో తిప్పే పళ్ళెం మాత్రం పైన అలాగే ఉంది. 2004లో న్యూజిలాండ్‌కు చెందిన సెరాటో కంపెనీ ల్యాప్‌టాప్‌లోని పాటలను మామూలు రికార్డు ప్లేయరుతోనే నడిపించే పద్ధతి తెచ్చింది. ఆ రికార్డు మీద పాట ఉండదు, ఒక సంకేత శబ్దం మాత్రమే ఉంటుంది. సూది దాన్ని చదివి, చెయ్యి ఎటు తిప్పిందో ఎంత తిప్పిందో కంప్యూటరుకు చెబుతుంది. ఆ తరువాత పళ్ళెం కూడా అక్కర్లేకపోయింది. పాటను ఎక్కించగానే సాఫ్ట్‌వేర్ దానిలో శబ్దం ఒక్కసారిగా ఎగసిపడే చోట్లన్నీ వెతికి, వాటి మధ్య దూరం కొలిచి, బీపీఎం ఎంతో రాసిపెడుతుంది. పాట పొడవునా గళ్ళ కాగితంలా గీతలు గీస్తుంది. ‘సింక్’ బటన్ నొక్కితే రెండు పాటల గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. శ్రుతిని కదలనివ్వకుండా వేగం ఒక్కటే మార్చే బటన్ వేరే ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ శాంతం.

మా అబ్బాయి పనిచేసేది ఒక అన్న దగ్గర. ఆయన కుటుంబం సోంపేట వైపు నుంచి వచ్చింది. క్యాసెట్ల కాలం నుంచి ఇదే పని. ఈ బటన్ గురించి అడిగితే నవ్వి, ‘మాస్టారూ, అప్పట్ల సెవి సెప్పీది, సెయ్యి సేసీది. ఇప్పుడు ల్యాప్‌టాపే సెప్పీసి, అదే సేసేత్తంది. మనం పక్కన నిలబడి సెయ్యి ఊపడవే’ అన్నాడు. నవ్వులో కొంచెం చేదు ఉంది. పనివాడితనం అంతా ఒక బటన్‌లోకి ఎక్కిపోతే ఆ పని నేర్చుకోవడానికి పెట్టిన ఏళ్ళు ఏమైపోయినట్టు?

సముద్రం మధ్య ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ఆ మార్పు కొంచెం ఆలస్యంగా వచ్చి, ఒక్కసారిగా మీద పడింది. 2020 ఆగస్టు వరకు ఈ ద్వీపాలకు ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహం మీదే వచ్చేది. ఒక పాట దింపుకోవడానికి టీ తాగి రావచ్చు. కొత్త పాటలు కావాలంటే విశాఖ నుంచో చెన్నై నుంచో వచ్చే ఓడలో ఎవరో ఒకరు పెన్ డ్రైవ్ తేవాలి. విశాఖ నుంచి ఇక్కడికి సుమారు 1200 కిలోమీటర్లు, ఓడలో రెండు మూడు రోజులు. ‘ఓడ దిగినోడిని ముందు పెన్ డ్రైవ్ అడిగీవోళ్ళం, తరవాతే బాగున్నావా అని’ అని ఆ అన్న చెప్పాడు. కొత్త పాటలున్న డ్రైవ్ చేతికి దక్కినవాడే ఆ సీజన్‌కు రాజు. ఎవరికీ ఇచ్చేవాడు కాదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్ వంటి మరికొన్ని ద్వీపాలకూ అది చేరింది. ఇప్పుడు హైదరాబాద్‌లో పొద్దున్న తయారైన రీమిక్స్ సాయంత్రానికి ఇక్కడ మోగుతుంది. పాటల పెట్టె దాచుకున్నవాడి పెద్దరికం ఆ కేబుల్‌తో పోయింది.

ఆ కేబుల్‌తో పాటే ఇంకో సాఫ్ట్‌వేర్ అలవాటూ వచ్చింది. ఇది మాకు అన్నిటికంటే వింతగా తోచింది. పూర్తయిన పాటలోంచి గొంతును, డ్రమ్స్‌ను, బేస్‌ను విడివిడిగా తీయడం. కలిపిన పాయసంలోంచి పంచదారను వేరుచేయడం లాంటిదే కదా! 2019 నవంబరులో ఫ్రాన్స్‌కు చెందిన డీజర్ సంస్థ ‘స్ప్లీటర్’ అనే ప్రోగ్రామును అందరూ వాడుకునేలా విడుదల చేసింది. అది ఎలా పనిచేస్తుందో పిల్లలు తప్పక తెలుసుకోవాలి. శబ్దాన్ని ముందు ఒక బొమ్మగా మారుస్తారు. అడ్డంగా కాలం, నిలువుగా శ్రుతి, ఎక్కడ శబ్దం గట్టిగా ఉంటే అక్కడ చుక్క ముదురుగా ఉంటుంది. గొంతుకు ఒక రకం ముద్ర, డ్రమ్ముకు ఇంకో రకం. విడివిడిగా రికార్డు చేసిన ఎన్నో పాటలను చూపించి, ఏ ముద్ర ఎవరిదో యంత్రానికి నేర్పుతారు. ఆ తరువాత ఏ కొత్త పాట ఇచ్చినా ఆ ముద్రలను పట్టుకుని, మిగతావి కప్పేసి, కావలసినది మాత్రం తిరిగి శబ్దంగా మారుస్తుంది. అప్పట్లో ఇందుకు కంప్యూటరును కాసేపు పనిచేయనిచ్చి ఎదురుచూడాల్సి వచ్చేది. మరో రెండు మూడేళ్ళకే వర్చువల్ డీజే, సెరాటో, ఆల్గోరిడిమ్ వంటివాటిలో పాట మోగుతుండగానే ఒక బటన్‌తో గొంతు ఆపేయడం వచ్చేసింది. ఒక పాట గొంతు, ఇంకో పాట దరువు అక్కడికక్కడే కలిపేయవచ్చు. స్టూడియోలో చేసే పని ఇప్పుడు లారీ మీద నిలబడి చేస్తున్నారు.

అయితే యంత్రం ఏ పాటలు విని నేర్చుకుందో ఆ పాటలే దానికి బాగా వచ్చు. మేము విన్నంతలో సన్నాయి ఉన్న పాటను విడదీస్తే సన్నాయి సగం గొంతుతో పోతుంది, సగం ‘మిగతావి’ అనే గదిలో పడుతుంది. మనకు ఒళ్ళు పులకరించే వాద్యం దానికి ‘మిగతావి’!

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. డీజే పనిని సాఫ్ట్‌వేర్ తినేస్తోందని జాలిపడేటప్పుడు, డీజే ఎవరి పని తిన్నాడో కూడా గుర్తు చేసుకోవాలి. మా చిన్నప్పుడు పెళ్ళి ఊరేగింపు అంటే సన్నాయి, డోలు, డప్పులు, లేదా ఎర్రకోట్లు వేసుకున్న బ్యాండు మేళం. పదిహేను మందికి కూలి, భోజనం. పెట్టెల లారీ వచ్చాక ఆ పదిహేను మంది పని ఇద్దరి చేతుల్లోకి పోయింది. పైగా వాళ్ళ దరువునే ఎవరో ఒకసారి రికార్డు చేసి, ముక్కగా కోసి, ‘తీన్‌మార్ లూప్’ అని పేరు పెట్టి వేల పాటల్లో వాడుకున్నారు. ఆ మొదటి డప్పు కొట్టిన మనిషి పేరు ఏ ఫైల్లోనూ ఉండదు. ఈ సంగతి మా పదకొండో తరగతి అబ్బాయికి మేము చెప్పనక్కర్లేకపోయింది. అతని తాత శ్రీకాకుళం జిల్లాలో తప్పెటగుళ్ళు ఆడినవాడు.

తెలియనివారి కోసం: తప్పెటగుళ్ళు ఉత్తరాంధ్ర కళ. గుండ్రటి రేకు తప్పెటను గుండె మీద కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, ఎగురుతూ ఆడతారు. నెమ్మదిగా మొదలై, పోనుపోను వేగం అందుకుంటుంది. తాత బృందం ఆడినప్పుడు ఎవరో ఫోనులో తీసిన ఏడు నిమిషాల రికార్డింగు అబ్బాయి దగ్గర ఉంది. దాన్ని నిమజ్జనంలో రెండు సినిమా పాటల నడుమ వేయాలని అతని కోరిక. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాడు. మొదటిసారి 96 బీపీఎం అంది. మళ్ళీ విశ్లేషించమంటే 192 అంది. గీతలు చూస్తే మొదటి నిమిషం దరువు మీద కూర్చున్నాయి, మూడో నిమిషానికి ఎక్కడికో జరిగిపోయాయి. ‘సింక్’ నొక్కితే అంతా రచ్చ.

తప్పు యంత్రానిదని చెప్పలేం. పాట మొదటి నుంచి చివరి వరకు ఒకే వేగంలో ఉంటుందనే ఊహ మీద అది గీతలు గీస్తుంది. కంప్యూటర్ మీద కట్టిన పాటల విషయంలో ఆ ఊహ నిజం. మనుషులు కూర్చుని కలిసి వాయించిన పాటల్లో, వెనకటి సినిమా పాటలతో సహా, వేగం ఊపిరిలా కొంచెం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తప్పెటగుళ్ళలోనైతే పెరగడమే అందం. మూడేసి దెబ్బలుగా నడిచే దరువును కూడా ఈ సాఫ్ట్‌వేర్లు ఒక్కోసారి తప్పు లెక్కపెడతాయి. గీతలను చేత్తో ఒక్కొక్కటిగా జరిపి సరిచేసే వీలుంది గానీ, ఎక్కడికి జరపాలో చెవే చెప్పాలి.

అప్పుడు అబ్బాయి మా దగ్గరకు వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. ‘సార్, బటన్ అన్నీ చేసేస్తే నేను నేర్చుకునేదేముంది అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇది రావడం లేదు. అన్నకి వచ్చు, కానీ ఆయన నేర్పే ఓపిక లేదంటున్నాడు. ఏం చెయ్యను?’ నాన్నేమో పడవ మీదకు రమ్మంటున్నాడు. ఇంట్లో ఇది పనికిమాలిన పనని గొడవ. మేము సంగీతం నేర్చుకోలేదు. ఛందస్సు మాత్రం చెబుతాం. గురువు, లఘువు, గణం అని పాఠంలో వేళ్ళు మడిచి లెక్కపెట్టిస్తాం కదా, అదే చేయించాం. తెర మూసి, కళ్ళు మూసి, తాత దరువును బల్ల మీద కొట్టమన్నాం. నాలుగు రోజులు కొట్టాడు. పక్క తరగతి వారు ఫిర్యాదు చేశారు. అయిదో రోజు ఆ అన్నే పిలిచి, ‘సెవి ఒకటి ఇటు, ఒకటి అటు’ అని హెడ్‌ఫోన్ తగిలించాడట.

నిమజ్జనం రాత్రి మేమూ వెళ్ళాం. అక్కడ ఇంకో సంగతి తెలిసింది. ఆ ఊరేగింపులో తెలుగువారితో పాటు బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, తరాల కిందట రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, అందరూ ఉన్నారు. పావుగంట తెలుగు పాటలే మోగితే ఒక పక్క గుంపు పలచబడుతుంది. ఆ అన్న తెర వైపు చూసింది తక్కువ, జనం కాళ్ళ వైపు చూసింది ఎక్కువ. ఒక మూల నలుగురు కుర్రాళ్ళు ఆగి ఫోన్లు తీయగానే తమిళ పాట వేశాడు. రెండు నిమిషాల్లో వాళ్ళు మధ్యలో ఉన్నారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు తరువాతి పాట ఏది బాగుంటుందో కూడా సూచిస్తాయి, శ్రుతి చూసి, బీపీఎం చూసి. ఎవరు అలిగారో చూడలేవు.

తాత రికార్డింగు పదిన్నర నిమిషాల తక్కువ పదికి వేశారు. అబ్బాయి సింక్ ఆపేసి, వేగం మీట మీద వేలు పెట్టి, దరువు పెరుగుతున్నకొద్దీ అడుగున సన్నగా మోగుతున్న బేస్ పాటను దానితో పాటు నెడుతూ పోయాడు. ఒక చోట జారింది. గుర్రాల గుంపు రెండు క్షణాలు రాతి మీద పరిగెత్తింది. మళ్ళీ పట్టుకున్నాడు. జనంలో ఒక ముసలాయన తప్పెట లేకుండానే గుండె మీద రెండు చేతులతో కొట్టుకుంటూ ఎగరడం మేము చూశాం. దాన్ని వాయించడం అనవచ్చా అన్న మా అనుమానం ఆ రాత్రి తీరింది.

పది గంటలకు పెట్టెలు కట్టేశారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే హద్దు. బడి, ఆసుపత్రి చుట్టూ వంద మీటర్ల వరకు ఇంకా తక్కువ. హద్దు మీరితే ఏమవుతుందో హైదరాబాద్‌లో చూశాం. 2024 అక్టోబరులో అక్కడి పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే పెట్టెలను పూర్తిగా నిషేధించారు. దానితో కొందరు మళ్ళీ డప్పుల వాళ్ళను పిలుస్తున్నారని అక్కడి మా పాత సహోద్యోగులు ఫోనులో చెప్పారు.

ఈ ఏడు వార్షికోత్సవానికి పాటలు కలిపే బాధ్యత ఆ అబ్బాయికే ఇచ్చాం. ల్యాప్‌టాప్ బడిదే. తాత రికార్డింగు ఉన్న ఫైలుకు ‘మిగతావి’ అని కాకుండా తాత పేరే పెట్టుకున్నాడు. మొదటి పీరియడ్‌లో నిద్రపోకూడదన్న షరతు మాత్రం మాది.